రోజూ షట్‌డౌన్ చేస్తున్నా మెమరీ ఎందుకు నిండిపోతోంది?

పాత కంప్యూటర్ స్లో అయిందని ఎవరికైనా చెప్పి చూడండి, వచ్చే సలహాలు రెండే. "ఫార్మాట్ కొట్టించెయ్", లేదంటే "ఇంకో నాలుగు జీబీ ర్యామ్ ఎక్కించు". రెండూ తప్పని అనను. ఫార్మాట్ కొట్టిస్తే కొన్నాళ్లు నిజంగానే బాగుంటుంది, ర్యామ్ ఎక్కించినా అంతే. కానీ ఆ కొన్నాళ్లు గడిచాక కథ మళ్లీ మొదటికొస్తుంటే మాత్రం అసలు జబ్బు ర్యామ్ చాలకపోవడం కాదు, లోపల ఎవరో తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వడం లేదు. దీన్నే మెమరీ లీక్ అంటారు. వరంగల్‌లో మా ఇంటి సిస్టమ్‌తో పడ్డ తలనొప్పి ఇదే. దీని గురించి తెలుగులో వెతికితే ర్యామ్ క్లీనర్ వేసుకోండి అనే వీడియోలే తగులుతున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు మెషిన్ సంగతి. 2012 ప్రాంతంలో సికింద్రాబాద్ సీటీసీలో పార్టులు కొని అసెంబుల్ చేయించింది. రెండో తరం ఐ3, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3, మామూలు హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, అంటే ఆ నాలుగులోంచే కొంత డిస్‌ప్లే మింగేస్తుంది. విండోస్ 7తో మొదలై 10 దాకా వచ్చింది. ఎక్కువగా వాడేది నాన్న: పొద్దున ఈ-పేపర్లు, మధ్యాహ్నం యూట్యూబ్‌లో ప్రవచనాలు, అప్పుడప్పుడూ పెన్షన్ స్లిప్, కరెంటు బిల్లు. రౌటర్ హాల్లో, కంప్యూటర్ వెనక గదిలో. గోడకు కన్నం పెట్టి కేబుల్ లాగడానికి అమ్మ ఒప్పుకోలేదు, అందుకని చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి తగిలించాం. దాని కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

గొడవ ఎలా ఉండేదంటే, ఆన్ చేసిన పది నిమిషాలకే హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది, క్యాబినెట్ లోంచి గరగరమని చప్పుడు, బ్రౌజర్‌లో రెండో ట్యాబ్ తెరిస్తే మొదటిది తెల్లబడిపోయేది, మౌస్ కదిలేది కానీ క్లిక్ ఎక్కడికి పోతోందో తెలిసేది కాదు. వైరస్ స్కాన్‌లో ఏమీ లేదు. స్టార్టప్‌లో ఉన్న చెత్తంతా తీసేసినా తేడా లేదు. నాన్న ఒకరోజు ఫోన్లో మామూలుగా ఒక మాటన్నారు, "ఏంటోరా, కరెంటు పోయి సీపీయూ దభీమని ఆగిపోయిందనుకో, మళ్లీ ఆన్ చేస్తే భలే నడుస్తుంది. పద్ధతిగా షట్‌డౌన్ చేస్తేనే మర్నాడు ఏడిపిస్తుంది." (మా ఇంట్లో సీపీయూ అంటే మొత్తం డబ్బా అని అర్థం. మీ ఇంట్లోనూ అంతేనని నాకు తెలుసు.) యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి కరెంటు పోవడమంటే మెషిన్ టక్కున చావడమే. వినడానికి తలకిందులుగా ఉన్న ఆ మాట అక్షరాలా నిజం, దాని వెనక కారణమే ఈ పోస్టులో అన్నిటికన్నా పనికొచ్చే విషయం. అక్కడికి వస్తాను.

అసలు లీక్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ప్రోగ్రామ్‌కి మెమరీ కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి తీసుకుంటుంది, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. పెళ్లికి టెంట్ హౌస్ నుంచి గిన్నెలు తెచ్చుకున్నట్టే. తెచ్చినవాడు వాడేసి, ఎక్కడ పెట్టాడో మర్చిపోయి, మళ్లీ కొత్తవి తెస్తూ పోతే టెంట్ హౌస్ ఖాళీ అవుతుంది, గిన్నెలు మాత్రం ఎక్కడా వాడకంలో ఉండవు. ఊరట ఏమిటంటే ప్రోగ్రామ్ మూసేసినప్పుడు దాని పేరు మీద ఉన్న మెమరీ మొత్తాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి లాగేసుకుంటుంది. అందుకే "ఒకసారి క్లోజ్ చేసి ఓపెన్ చెయ్యండి" అనే కస్టమర్ కేర్ సలహా అంత తరచుగా పనిచేస్తుంది.

ఇది విడివిడిగా చూస్తే చాలా చిన్న లోపం, అందుకే టెస్టింగ్‌లో దొరకదు. 1992లో లండన్ అంబులెన్స్ సర్వీస్ కొత్తగా కంప్యూటర్ వ్యవస్థ పెట్టినప్పుడు ఇదే జరిగింది. ఒక్కో బండిని పంపినప్పుడల్లా సర్వర్‌లో కొంచెం మెమరీ మిగిలిపోయేది, ప్రోగ్రామర్ ఒకరు మార్పులు చేస్తూ తీసేయకుండా వదిలిన కోడ్ ముక్క వల్ల. మూడు వారాల పాటు ఎవరికీ తెలియలేదు. నవంబర్ 4 తెల్లవారుజామున మెమరీ అయిపోయి మొత్తం ఆగిపోయింది, సిబ్బంది మళ్లీ కాగితం, పెన్ను పట్టుకున్నారు. మూడు వారాలు వరసగా నడిపి చూస్తే తప్ప బయటపడని తప్పు అది. ఇంటి కంప్యూటర్‌లోనూ లీక్ స్వభావం అదే, ర్యామ్ తక్కువ కాబట్టి మనకు త్వరగా కనిపిస్తుంది, అంతే.

సరే, మన దగ్గర ఉన్నది లీకా, లేక మామూలు వాడకమేనా అని ఎలా తెలుస్తుంది? చాలామంది టాస్క్ మేనేజర్ తెరిచి "మెమరీ 85 శాతం" అని చూసి కంగారు పడతారు. అందులో పెద్ద అర్థం లేదు. విండోస్ ఖాళీ ర్యామ్‌ని ఊరికే ఉంచదు, ఇంతకుముందు చదివిన ఫైళ్లని స్టాండ్‌బైలో పెట్టుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే ఇచ్చేస్తుంది. అది లీక్ కాదు, మంచి అలవాటు. బ్రౌజర్ పది ట్యాబులకు రెండు జీబీ తింటోందంటే అదీ లీక్ కాదు, తిండిపోతుతనం. ఈ రెండిటికీ లీక్‌కీ ఒకటే తేడా. తిండిపోతు ఒక స్థాయికి చేరి ఆగుతుంది, పని ఆపేస్తే దిగుతుంది. లీక్ ఆగదు, దిగదు. అదే పని మళ్లీ మళ్లీ చేసి, అన్నీ మూసేసి, మొదటి స్థితికి వచ్చాక చూడండి: ప్రతిసారీ అడుగు మట్టం కాస్త పైకి జరుగుతుంటే అది లీకే.

చూడాల్సిన చోటు కూడా వేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, మెమరీ. అక్కడ "ఇన్ యూజ్"ని వదిలేసి "కమిటెడ్" అనే అంకె చూడండి. ప్రోగ్రాములకు విండోస్ మాటిచ్చేసిన మొత్తం మెమరీ అది, ర్యామ్‌లో ఉన్నా, డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) నెట్టేసినా లెక్కలోకి వస్తుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి "కమిట్ సైజ్", "హ్యాండిల్స్" తెచ్చుకుంటే ఎవడు పెరుగుతున్నాడో పేరుతో సహా తెలిసిపోతుంది. హ్యాండిల్స్ అంటే ఫైళ్లు, విండోలు లాంటివి వాడుకోవడానికి ప్రోగ్రామ్ విండోస్ దగ్గర తీసుకునే టోకెన్లు. అవి ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు మెమరీ కన్నా ముందు వాటినే పారేసుకుంటాయి. మా ప్రింటర్‌తో పాటు వచ్చిన ఇంకు చూపించే బుల్లి ప్రోగ్రామ్ ఒకటి ట్రేలో కూర్చుని ఏ పనీ చేయకుండానే వేలకు వేలు హ్యాండిల్స్ పోగేసింది. ఎండ్ టాస్క్ కొట్టాను, అన్నీ ఒక్కసారిగా వెనక్కి వచ్చాయి, స్టార్టప్‌లోంచి తీసేశాను, దాని కథ అంతటితో సరి. ఇంకు అయిపోతే కాగితమే చెబుతుంది.

ర్యామ్ క్లీనర్ల గురించి ఇక్కడే చెప్పేస్తా. అవి చేసే పని ప్రతి ప్రోగ్రామ్ వాడుతున్న మెమరీ ముక్కల్నీ ర్యామ్ లోంచి బయటకు తోసేయడం. "ఇన్ యూజ్" అంకె దభాలున పడిపోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కమిటెడ్ మాత్రం ఒక్క ఎంబీ కూడా తగ్గదు, ఎందుకంటే ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వలేదు. తర్వాత మీరు ఆ విండో మీద క్లిక్ చేసినప్పుడు అదంతా మళ్లీ లోపలికి రావాలి, హార్డ్ డిస్క్ నుంచి రావాలంటే ఇంకా నరకం. పాత మెషిన్లలో వీటి వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం, అందులో సగం ప్రకటనలు కూడా తెచ్చిపెడతాయి.

ఇక అసలు కేసు. నేను పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు కూర్చుని చూస్తే, డీటెయిల్స్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ కూడినా లెక్క తేలడం లేదు. జీబీకి పైగా మెమరీ ఎవరి పేరు మీదా లేదు. ఇలా అయితే చూడాల్సింది మెమరీ పేజీలోనే కింద మూలన ఉండే "నాన్-పేజ్డ్ పూల్". ఇది విండోస్ కెర్నెల్ (విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లు (వైఫై, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రాములు) వాడుకునే మెమరీ, పేరులోనే ఉంది, దీన్ని డిస్క్ మీదకు నెట్టే వీలు లేదు, ర్యామ్‌లోనే ఉండి తీరాలి. ఇలాంటి ఇంటి మెషిన్‌లో ఇది ఒకటి రెండు వందల ఎంబీ ఉంటే మామూలు. మా దాంట్లో జీబీ దాటిపోయింది. నాలుగు జీబీ మెషిన్‌లో జీబీకి పైగా కదలకుండా బైఠాయిస్తే, మిగతా ప్రోగ్రాములన్నీ ఉన్న కాస్త జాగా కోసం కొట్టుకుంటూ డిస్క్ మీదకీ ర్యామ్‌లోకీ తిరుగుతుంటాయి. ఆ గరగర అదే.

దొంగ డ్రైవర్ అని తెలిశాక పూల్‌మాన్ అనే టూల్ కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, విండోస్ డ్రైవర్ కిట్‌తో వస్తుంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే నల్ల తెర మీద అంకెలు గబగబా మారుతుంటాయి, మొదటిసారి చూస్తే కళ్లు తిరుగుతాయి, కానీ చూడాల్సింది కొంచెమే. పీ నొక్కితే నాన్-పేజ్డ్ మాత్రమే వస్తుంది, బీ నొక్కితే ఎక్కువ బైట్లు తిన్నవాళ్లు పైకి వస్తారు. ప్రతి డ్రైవరూ మెమరీ అడిగేటప్పుడు నాలుగు అక్షరాల ట్యాగ్ ఒకటి తగిలిస్తుంది, ఒక్కో ట్యాగ్‌కి ఒక్కో వరస. అందులో ఎన్నిసార్లు తీసుకుంది, ఎన్నిసార్లు తిరిగి ఇచ్చింది, ఈ రెండిటి తేడా "డిఫ్" కాలమ్‌లో ఉంటాయి. బాగున్న డ్రైవర్లలో డిఫ్ పెరిగి తగ్గుతూ ఒకచోట తచ్చాడుతుంది. పైన కూర్చున్న ట్యాగ్ డిఫ్ మాత్రం పెరగడమే తప్ప తగ్గడం తెలియదన్నట్టు పోతోంది. యూట్యూబ్ వీడియో ఒకటి ప్లే చేశాను, పరుగందుకుంది. పాజ్ చేసి బ్రౌజర్ మూసేశాను, దాదాపు ఆగింది. మళ్లీ పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టాను, మళ్లీ పరుగు. నెట్ నడిస్తే లీక్, నెట్ ఆగితే నిద్ర.

ఆ నాలుగు అక్షరాలను ఫైండ్‌స్టర్ కమాండ్‌తో సిస్టమ్32 లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో వెతికిస్తే ఒకే ఒక్క ఫైల్ తేలింది. ప్రాపర్టీస్ తెరిస్తే డాంగిల్ డ్రైవర్, అదీ విండోస్ 7 కాలం నాటిది, డాంగిల్‌తో ఇచ్చిన సీడీ లోంచి ఎక్కించింది. డాంగిల్ పీకేసినా ఆ జీబీ తిరిగి రాలేదు. మామూలు ప్రోగ్రామ్ చస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దాని మెమరీ లాక్కుంటుందని పైన చెప్పాను కదా, డ్రైవర్ల విషయంలో ఆ సౌకర్యం లేదు. కెర్నెల్ పూల్‌లో డ్రైవర్ పారేసుకున్నది రీబూట్ దాకా అలాగే పడి ఉంటుంది.

మరి నాన్న రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నారు కదా, స్విచ్ బోర్డు కూడా ఆపేసి మరీ పడుకుంటారు కదా? టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ తెరిస్తే "అప్‌టైమ్" అని ఉంటుంది, ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పేది. పొద్దునే ఆన్ చేసిన మెషిన్‌లో అది రోజుల తరబడి చూపిస్తోంది! విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసేసి మిమ్మల్ని లాగవుట్ చేస్తుంది, కానీ కెర్నెల్‌నీ డ్రైవర్లనీ మూయదు, అవి ఉన్న స్థితిని ఉన్నట్టే హైబర్‌ఫిల్ అనే ఫైల్‌లోకి రాసి కరెంటు ఆపేస్తుంది. పొద్దున ఆన్ చేస్తే అదే స్థితిని మళ్లీ లేపుతుంది. బూట్ త్వరగా అవుతుంది, నిజమే. కానీ డ్రైవర్ నిన్న పారేసుకున్న మెమరీ కూడా భద్రంగా డిస్క్ మీద దాచి, పొద్దునే మళ్లీ ర్యామ్‌లో పరిచి పెడుతుంది. రోజుకు కొంచెం, మర్నాడు ఇంకొంచెం. పవర్ బటన్ దగ్గర "రీస్టార్ట్" నొక్కితే మాత్రం ఈ దాచుడు ఉండదు, అంతా మొదటి నుంచి మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడూ అంతే, దాచడానికి టైమ్ ఉండదు కాబట్టి తర్వాతి బూట్ పూర్తిగా కొత్తది. నాన్న చెప్పింది ఇదే.

కాబట్టి "నేను రోజూ ఆఫ్ చేస్తూనే ఉన్నానండీ" అనేవాళ్లు ఒకసారి ఆ అప్‌టైమ్ చూసుకోండి. ఫాస్ట్ స్టార్టప్‌ని తీసేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అక్కడ పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు, లోపల మళ్లీ ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చే లింకు నొక్కితే కింద టిక్కు కదులుతుంది. అది తీయడం ఇష్టం లేకపోతే షిఫ్ట్ కీ నొక్కిపట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. మా దాంట్లో టిక్కు తీసేశాను. బూట్ నెమ్మదయింది, నాన్న ఆ టైమ్‌లో కాఫీ తెచ్చుకుంటారు.

డ్రైవర్‌ని కూడా మార్చాను. కంపెనీ సైట్‌లో కొత్తది లేదు, ఆ సీడీలోదే అక్కడా ఉంది. కానీ డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్, ఆ తర్వాత లిస్టులోంచి నేనే ఎంచుకుంటా అనే దారిలో వెళ్తే విండోస్ తనతో తెచ్చుకున్న సొంత డ్రైవర్ ఒకటి అదే చిప్‌కి కనిపించింది. అది ఎక్కించాక స్పీడ్ కాస్త తగ్గింది, పూల్‌మాన్‌లో డిఫ్ మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఒకచోట నిలిచింది. ప్రవచనాలకు ఆ స్పీడ్ చాలు.

బ్రౌజర్ లీకుల గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎక్కువమందికి తగిలేది అదే కాబట్టి. చాలామంది కుర్రాళ్లు "జావాస్క్రిప్ట్‌లో గార్బేజ్ కలెక్టర్ ఉంది కదా, లీక్ ఎలా వస్తుంది" అంటారు. ఎవరూ పట్టుకోని మెమరీనే కలెక్టర్ ఏరేస్తుంది, ఎవరో ఒకరు పొరపాటున పట్టుకునే ఉంటే అది ముట్టుకోదు. 2005లో అమెరికాలోని మొజావే ఎడారిలో అక్కడి రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన డ్రైవర్ లేని కార్ల పందెంలో ప్రిన్స్‌టన్ విద్యార్థుల కారు 132 మైళ్ల దారిలో 9 మైళ్లు దాటాక ఆగిపోయింది. వాళ్లు రాసింది సీ షార్ప్‌లో, గార్బేజ్ కలెక్టర్ ఉన్న భాషే. దాటిపోయిన అడ్డంకుల్ని లిస్టులోంచి తీసేశారు కానీ ఏదైనా జరిగితే కబురు పంపాల్సిన జాబితాలో (ఈవెంట్‌కి చందాదారులుగా) అవి మిగిలిపోయాయి, దారిలో కనిపించిన ప్రతి పొదా మెమరీలోనే ఉండిపోయింది. వెబ్ పేజీల్లోనూ జరిగేది ఇదే, తీసేసిన ప్రకటన బొమ్మను ఏదో ఒక టైమర్ పట్టుకుని వేలాడుతుంటుంది. ఇక ఫైర్‌ఫాక్స్ అంటేనే మెమరీ తినేస్తుందని ఒకప్పుడు పేరు. 2011లో మొజిల్లా వాళ్లు మెమ్‌ష్రింక్ అని ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు పెట్టుకున్నారు, చూస్తే చాలా లీకులు బ్రౌజర్‌వి కావు, జనం వేసుకున్న యాడ్-ఆన్‌లవి, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రాములవి. 2012లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 15లో, ట్యాబ్ మూసేశాక యాడ్-ఆన్ దాన్ని పట్టుకుని వేలాడినా బ్రౌజరే బలవంతంగా తెంపేసేలా చేశారు.

మన వైపు చేయగలిగింది సులువే. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ వాటి సొంత టాస్క్ మేనేజర్ ఉంది, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే మెనూలోని మోర్ టూల్స్‌లో టాస్క్ మేనేజర్. ఏ ట్యాబ్ ఎంత తింటోందో అందులో తెలుస్తుంది. మా ఇంట్లో దొరికింది ఒక వార్తల పేజీ. పొద్దున తెరిచి అలాగే వదిలేస్తే మధ్యాహ్నానికి నాలుగైదు రెట్లు అయ్యేది, పక్కన ప్రకటనలు తమంతట తామే మారుతూ ఉంటాయి కాబట్టి. దానికి నా దగ్గర మందు లేదు, చదివాక ఆ ట్యాబ్ మూసేయమని నాన్నకు చెప్పాను, ఆయన మూసేస్తున్నారు, ఒక్కోసారి మర్చిపోతారు.

ఎస్ఎస్‌డీ వేయించమని చాలామంది అంటారు. నేనూ అంటాను, పాత మెషిన్‌కి ఖర్చు పెట్టాలంటే మొదట దానికే పెట్టండి, ర్యామ్ ఆ తర్వాతే. కానీ లీక్ ఉండగా ఎస్ఎస్‌డీ వేస్తే గరగర చప్పుడు పోతుంది, దాంతో పాటు మీకున్న ఒకే ఒక్క హెచ్చరిక కూడా పోతుంది. పేజ్ ఫైల్ చప్పుడు లేకుండా పెరుగుతూ పోయి ఒకరోజు "మెమరీ తక్కువగా ఉంది" అని తెర మీద మెసేజ్ వస్తుంది. ముందు దొంగను పట్టుకోండి, తర్వాత షాపింగ్.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, రెండో తరం ఐ3కి విండోస్ 11 ఎలాగూ అధికారికంగా రాదు, కాబట్టి ఈ మెషిన్‌ని విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చే పనిలో ఉన్నా. అక్కడ లీకులు ఉండవని కాదు. మింట్ వాళ్ల సినమన్ డెస్క్‌టాప్ కొన్ని మెషిన్లలో మెమరీ పోగేసేది, కారణం అన్నిచోట్లా దొరకలేదు, అందుకని 2021లో సెట్టింగుల్లో ఒక గడి పెట్టారు. డెస్క్‌టాప్ ఇన్ని ఎంబీ దాటితే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, తెరిచి ఉన్న విండోలు పోవు. నాలుగు జీబీ మెషిన్‌కి ఎంత పెడితే సరిపోతుందో వాడినవాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి.